కదలని తేదీ, కదిలే పని: ఎజైల్ బృందాల్లో కఠిన గడువులపై ఒక సమీక్ష

సాఫ్ట్‌వేర్ తయారీలో ఎజైల్ అనే పని పద్ధతికి పాతికేళ్ల వయసుంది. పనిని చిన్న విడతలుగా విడగొట్టుకుని, ప్రతి విడత చివరా వాడేవారికి అక్కరకొచ్చే ముక్కనొకదాన్ని చేతికిచ్చి, వారు చెప్పినదాన్ని బట్టి తర్వాతి విడతను మార్చుకుంటూ పోవడం దాని సారం. అయినా ఈ పద్ధతిలోనే పనిచేస్తున్నామని చెప్పుకునే చాలా బృందాలకు, పని మొదలుకాకముందే ఖాయమైపోయిన తేదీ ఒకటి, ఆ తేదీకి ఒక్కటీ తగ్గకుండా అప్పగించవలసిన పనుల జాబితా ఒకటి నెత్తిన ఉంటాయి. ఈ రెండు ధోరణులకూ పొసగదన్న సంగతి మీద సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లోనూ, మనస్తత్వ శాస్త్రంలోనూ, యాజమాన్య శాస్త్రంలోనూ ఎంతో పరిశోధన జరిగింది. ఆ పరిశోధన తేల్చిన విషయాలను తెలంగాణలో, ముఖ్యంగా నిజామాబాద్, బోధన్ ప్రాంతంలో గడువులతో ముడిపడి సాగిన పనుల పక్కన పెట్టి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. 2023 ఆగస్టులో నిజామాబాద్‌లో ఐటీ టవర్ ప్రారంభమయ్యాక ఈ ప్రశ్న హైదరాబాద్‌కు మాత్రమే పరిమితమైనది కాకుండా పోయింది. నిజానికి అంతకుముందే, భూమి రికార్డుల కంప్యూటరీకరణ రూపంలో, ఎజైల్ పేరు ఎన్నడూ వినని రైతు ఇంటి గుమ్మం దాకా వచ్చింది.

గడువులన్నీ ఒకే జాతివి కావు. రెండు వారాలనో నెల అనో ముందే అనుకుని, ఆ కాలం ముగియగానే పని ఎంతవరకు వస్తే అంతవరకు చూపించే ఏర్పాటును టైంబాక్స్ అంటారు. ఇందులో కాలం మారదు, పని పరిమాణం మారుతుంది. చట్టం అమల్లోకి వచ్చే రోజు, పరీక్ష జరిగే రోజు వంటివి బయటి ప్రపంచం పెట్టే గడువులు; వాటిని జరపడం ఏ బృందం చేతిలోనూ ఉండదు. ఈ రెండింటికీ భిన్నంగా, ఏదో ఒక సమావేశంలో ఎవరో పెద్దలు మాట ఇచ్చినందువల్లనో, పండుగ రోజు కలిసొస్తుందనో, ఆర్థిక సంవత్సరం ముగుస్తుందనో నిర్ణయమై, దానితోపాటు పని పరిమాణాన్నీ ఖర్చునూ కూడా బిగించేసే గడువు ఒకటుంది. ఈ వ్యాసంలో కఠిన గడువు అంటే ఈ మూడో రకమే. మొదటి రెండు రకాల వల్ల కలిగే మేలును చూపించి మూడోదాన్ని సమర్థించడం యాజమాన్య చర్చల్లో తరచు జరిగే పొరపాటు కాబట్టి ఈ తేడాను మొదటే చెప్పుకోవలసి వచ్చింది.

ఎజైల్ పద్ధతి వెనక ఉన్న అసంతృప్తి, ఆ పేరు పుట్టిన 2001 కంటే పాతది. ఐబీఎం సంస్థలో సిస్టమ్ 360 యంత్రాలకు ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపించిన ఫ్రెడరిక్ బ్రూక్స్, 1975లో వెలువరించిన గ్రంథంలో, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి కొత్త మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని తేల్చాడు. కొత్తవారికి పని నేర్పేది పాతవారే గనుక వారి కాలం అక్కడ ఖర్చవుతుంది, మనుషులు పెరిగేకొద్దీ ఒకరితో ఒకరు మాట్లాడుకుని సర్దుకోవలసిన దారులు అంతకంటే వేగంగా పెరుగుతాయి. తేదీ కదలనప్పుడు యాజమాన్యానికి వెంటనే తోచే ఉపాయం మనుషులను పెంచడమే కాబట్టి, కఠిన గడువు తెచ్చే మొదటి నష్టాన్ని బ్రూక్స్ అప్పుడే గుర్తించినట్టయింది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచు విడిదిలో 17 మంది నిపుణులు కలిసి ఎజైల్ ప్రకటన రాశారు. దాని వెంట ఇచ్చిన 12 సూత్రాల్లో పని చివరి దశలో వచ్చే మార్పులను కూడా స్వాగతించాలన్నది ఒకటి, బృందం ఎంతకాలమైనా అలసిపోకుండా నిలబెట్టుకోగల వేగంతోనే నడవాలన్నది మరొకటి. ముందే బిగించిన జాబితాతో వచ్చే తేదీ ఈ రెండు సూత్రాలనూ ఒకేసారి దెబ్బతీస్తుంది.

ఎజైల్ కుటుంబంలో అన్నింటికంటే ఎక్కువగా వాడుకలో ఉన్నది స్క్రమ్. కెన్ ష్వేబర్, జెఫ్ సదర్‌లాండ్ 1995లో దీన్ని లోకానికి పరిచయం చేశారు. నెలకు మించని విడతను స్క్రమ్ బృందాల్లో స్ప్రింట్ అని, చేయవలసిన పనుల వరుసను బ్యాక్‌లాగ్ అని, ఒక్కో పని బరువును తూచే కొలతను స్టోరీ పాయింటు అని, ఒక స్ప్రింట్‌లో బృందం పూర్తి చేసిన పాయింట్ల మొత్తాన్ని వెలాసిటీ అని వ్యవహరిస్తారు. ఈ పద్ధతికి ప్రామాణికమైన మార్గదర్శినిని 2011లో సవరించినప్పుడు దాని కర్తలు చేసిన ఒక మార్పు ఇక్కడ ముఖ్యం: స్ప్రింట్‌లోకి తీసుకున్న పనులను అంతవరకు బృందం ఇచ్చిన మాటగా చెప్పిన చోట, ఇకమీదట బృందం వేసిన అంచనాగా చెప్పారు. మాట తప్పితే దోషం అవుతుంది, అంచనా తప్పితే సమాచారం అవుతుంది. ఆ సవరణ జరిగి ఇన్నేళ్లయినా, స్ప్రింట్ ముగిసే నాటికి మిగిలిపోయిన పనిని తర్వాతి స్ప్రింట్‌లోకి నెట్టడాన్ని తప్పుగా లెక్కగట్టి, స్పిల్‌ఓవర్ శాతాన్ని నెలనెలా పై అధికారులకు పంపించే అలవాటు సంస్థల్లో పోలేదు.

తేదీలు ఎందుకు తప్పుతాయన్న విషయంలో పరిశోధకుల మధ్య పెద్ద భేదాభిప్రాయం లేదు. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్స్కీ 1979లో వర్ణించిన ఒక మానసిక ధోరణి ప్రకారం, మనిషి తన ముందున్న పనికి పట్టే కాలాన్ని లెక్కవేసేటప్పుడు అటువంటి పనులకు గతంలో ఎంత కాలం పట్టిందో చూడడు, అంతా సాఫీగా సాగిపోయే దారినొకదాన్ని ఊహించుకుని దానికే లెక్క వేస్తాడు. రోజర్ బ్యూలర్, అతని సహచరులు 1994లో ప్రచురించిన అధ్యయనం దీన్ని అంకెల్లో చూపింది. సిద్ధాంత వ్యాసాలు రాస్తున్న విద్యార్థులు తమ పని సగటున 34 రోజుల్లో పూర్తవుతుందని చెప్పారు. అన్నీ ఎదురు తిరిగితే ఎన్ని రోజులు పడుతుందని అడిగితే సగటున 49 రోజులన్నారు. పట్టినవి సగటున 55 రోజులకు పైగా. తాము ఊహించగలిగిన కీడును కూడా దాటి ఆలస్యం జరిగిందన్నమాట. సాఫ్ట్‌వేర్ వరకు చూస్తే, బ్యారీ బోయెమ్ 1981లో చూపినట్టు, పని ఆలోచన దశలో ఉన్నప్పుడు వేసిన అంచనా అసలుకు నాలుగో వంతు మొదలుకొని నాలుగు రెట్ల వరకు ఎక్కడైనా ఉండవచ్చు. వివరాలు తేలేకొద్దీ ఆ వెడల్పు తగ్గుతుంది. కఠిన గడువులు సరిగ్గా ఆ వెడల్పు ఎక్కువగా ఉన్న రోజుల్లోనే ఖాయమవుతాయి.

ఇంకొక చిక్కు ఉంది. నార్వేకు చెందిన మాగ్నె యోర్గెన్‌సన్, డాగ్ షోబెర్గ్ జరిపిన ప్రయోగాల్లో, కొనుగోలుదారు ఎంత కాలంలో అవుతుందనుకుంటున్నాడో ముందే విన్న నిపుణులు, ఆ అంకెకు ఆధారమేమీ లేదని తెలిసినా సరే, తమ అంచనాను దానివైపు జరుపుకున్నారు. జరుపుకున్నట్టు వారికి తెలియను కూడా తెలియదు. అందువల్ల తేదీ చెప్పి తర్వాత అంచనా అడిగే మేనేజరుకు తన తేదీయే తిరిగి వినిపిస్తుంది, బృందం కూడా ఒప్పుకుందన్న సంతృప్తి అదనంగా దక్కుతుంది.

ఒక ఊహా లెక్కతో దీన్ని దగ్గరగా చూడవచ్చు. రెండు వారాల స్ప్రింట్‌లతో నడిచే బృందమొకటి గడచిన ఆరు స్ప్రింట్‌లలో వరుసగా 18, 27, 22, 31, 16, 24 పాయింట్ల పని పూర్తి చేసిందనుకుంటే, సగటు 23. బ్యాక్‌లాగ్‌లో 240 పాయింట్ల పని మిగిలి ఉందనుకుంటే, సగటు వేగంతో 11 స్ప్రింట్‌లు, అంటే 22 వారాలు పడుతుంది. వేగం 27 దగ్గర నిలిస్తే 18 వారాలు, 18 దగ్గర నిలిస్తే 28 వారాలు. మధ్యలో పండుగ సెలవులు, ఒకరు ఉద్యోగం మానేయడం, చేసిన పనిని చూపించే డెమో తర్వాత క్లయింట్ కోరే మార్పులు ఈ లెక్కలో లేవు. పద్దెనిమిది వారాలకూ ఇరవై ఎనిమిది వారాలకూ మధ్య ఎక్కడో అని చెప్పడమే ఇక్కడ నిజాయితీగల జవాబు. ఆ జవాబును ఒప్పందంలో రాయడానికి చోటు లేదంటూ, 20 వారాల తేదీని కాగితం మీద పెట్టిన క్షణంలో, పనికి సంబంధించిన అనిశ్చితి ఏమీ తగ్గదు. అది కంటికి కనబడే చోటు నుంచి కనబడని చోటికి జరుగుతుంది, అంతే. కఠిన గడువుల నష్టాలన్నీ ఈ జరగడం వల్ల పుట్టేవేనన్నది ఈ వ్యాసం వాదం.

మొదట ఆ అనిశ్చితి పని నాణ్యతలోకి జరుగుతుంది. కోడ్ పైకి నడుస్తుందా లేదా అన్నది డెమోలో అందరికీ కనిపిస్తుంది. లోపల అది ఎంత శుభ్రంగా ఉంది, దానికి పరీక్షలు రాశారా, రేపు మార్చడానికి వీలుగా ఉందా అన్నవి రాసినవారికి తప్ప ఇతరులకు కనిపించవు. రాబర్ట్ ఆస్టిన్ 2001లో ప్రచురించిన విశ్లేషణ ఈ కనబడకపోవడాన్నే ఆధారం చేసుకుని, గడువు తప్పితే చెడ్డపేరు వచ్చే చోట, మంచి ఇంజనీరు కూడా రహస్యంగా అడ్డదారి తొక్కడానికి మొగ్గుతాడని చూపింది. ఎవరో ఒకరు ఆ దారి తొక్కి సమయానికి ముగించగానే, మిగిలినవారు మందకొడిగా కనిపించి, వారికీ అదే దారి తప్పదు. ఇలా మిగిలిపోయే లోపాలను వార్డ్ కన్నింగ్‌హామ్ 1992లో అప్పుతో పోల్చాడు; అందుకే వృత్తిలో వాటికి టెక్నికల్ డెట్ అన్న పేరు నిలిచింది. అప్పు తెలిసి చేస్తే తీర్చే ఆలోచన ఉంటుంది గానీ, గడువు ఒత్తిడిలో చేసిన అప్పుకు పద్దు కూడా ఉండదు. ఫిన్లాండ్‌లోని ఊలు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో, సాఫ్ట్‌వేర్ పనిలో కాలపు ఒత్తిడి మీద అంతవరకు వచ్చిన అధ్యయనాలన్నింటినీ సమీక్షించి, ఒత్తిడి వల్ల పని వేగం పెరగవచ్చునని, నాణ్యత తగ్గుతుందని, ఒత్తిడికి మూలాల్లో తప్పు అంచనాలు ముఖ్యమైనవని తేల్చారు. వేగం పెరుగుతుందన్న మొదటి మాటను పట్టుకుని రెండో మాటను వదిలేయడం సులభం.

రెండో చోటు అంకెలు. వెలాసిటీ బృందం తన గురించి తాను తెలుసుకోవడానికి ఏర్పడిన కొలత. దాన్ని గడువుకు గుర్రంగా కట్టగానే నిన్న మూడు పాయింట్లుగా తూచిన పని నేడు అయిదు పాయింట్లు అవుతుంది, చార్టు ఎక్కుతుంది, పని ఎక్కదు. మూడో చోటు నేర్చుకునే అవకాశం. స్ప్రింట్ చివర జరిగినదాన్ని నెమరువేసుకుని పద్ధతిని మార్చుకునే సమావేశం రెట్రో, గడువు దగ్గరపడగానే అన్నింటికంటే ముందు రద్దయ్యేది కూడా అదే; ఎజైల్ నుంచి దాన్ని తీసేస్తే మిగిలేది రోజూ పొద్దున జరిగే హాజరు మాత్రమే. టెరీసా అమబిలె, ఆమె సహచరులు 2002లో వెల్లడించిన అధ్యయనంలో, ఏడు సంస్థల్లోని 22 బృందాలకు చెందిన 177 మంది రోజువారీ రాసిన తొమ్మిది వేలకు పైగా డైరీ నమోదులను పరిశీలిస్తే, కాలపు ఒత్తిడి తీవ్రంగా ఉన్న రోజుల్లో మనుషులు ఎక్కువ గంటలు పనిచేశారు గానీ కొత్త ఆలోచన చేయడం గణనీయంగా తగ్గిందని, ఆ ప్రభావం మర్నాటికీ పాకిందని తేలింది.

నాలుగో చోటు మనిషి శరీరం. అమెరికా క్లయింట్‌కు పొద్దున అయ్యేసరికి నిజామాబాద్‌లో సాయంత్రమవుతుంది. గడువు దగ్గరపడిన వారాల్లో ఆ సాయంత్రం కాల్ ముగిశాక పని మళ్లీ మొదలవుతుంది. ఈ శ్రమ ఏ చార్టులోనూ నమోదు కాదు కాబట్టి, తర్వాతి గడువును నిర్ణయించేవారు ఆ రాత్రులు కలుపుకున్న వేగాన్నే మామూలు వేగంగా లెక్కగడతారు. ఎడ్వర్డ్ యోర్డన్ 1997లో ఇటువంటి ప్రాజెక్టుల మీదే ఒక గ్రంథం రాస్తూ వాటికి మృత్యు యాత్ర అన్న పేరు పెట్టవలసి వచ్చిందంటే, ఈ పరిస్థితి అప్పటికే ఎంత మామూలైపోయిందో తెలుస్తుంది.

అయిదో చోటు వాడేవారి జీవితం. ఇక్కడ తెలంగాణ భూ రికార్డుల అనుభవాన్ని కొంత వివరంగా చూడవలసి ఉంది. అది ఎజైల్ పేరుతో జరిగిన పని కాదు; కానీ ముందే ప్రకటించిన తేదీ కిందికి రాష్ట్రమంతటి రికార్డులనూ సాఫ్ట్‌వేర్‌నూ తెచ్చిన పనిగా ఈ ప్రశ్నకు అంతకంటే పెద్ద ఉదాహరణ ఈ ప్రాంతంలో లేదు. 2017 సెప్టెంబర్ 15న ప్రభుత్వం భూ రికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టి, పదివేలకు పైగా ఉన్న రెవెన్యూ గ్రామాల్లో పహాణీలను (గ్రామ భూమి రికార్డులను) వంద రోజుల్లో సరిచూడాలని సంకల్పించింది. వివాదం లేని ఖాతాలను పార్ట్ ఏలోనూ, కోర్టు కేసులు, అటవీ సరిహద్దులు, విస్తీర్ణంలో తేడాలు వంటి చిక్కులున్నవాటిని పార్ట్ బీలోనూ చేర్చారు. పనిని సులువైనదిగా, కష్టమైనదిగా విడదీసి సులువైనదాన్ని ముందు ముగించడం విడతల పద్ధతిలో మంచి ఆలోచనే. అయితే కష్టమైన భాగానికి తర్వాతి విడత ఎప్పుడన్నది లేకుండా పోయింది. కొత్త పాసు పుస్తకాలు మొదట అనుకున్న మార్చి దాటి 2018 మే 10న, రైతుబంధు అనే పెట్టుబడి సాయం పథకంతోపాటు పంపిణీ అయ్యాయి. పార్ట్ బీలో మిగిలినవారికి పుస్తకమూ రాలేదు, పుస్తకం లేనందున పెట్టుబడి సాయమూ అందలేదు. లెక్కల్లో పని పూర్తయింది. అనిశ్చితి అంతా ఒక జాబితాలోకి, ఆ జాబితా నుంచి ఆయా రైతుల ఇళ్లలోకి జరిగింది.

ఆ రికార్డుల పునాది మీదే ధరణి అనే భూ రికార్డుల పోర్టల్ నిలబడింది. 2020 సెప్టెంబర్‌లో భూమి హక్కులపై కొత్త చట్టం వచ్చింది, రిజిస్ట్రేషన్లు ఆగాయి, దసరా నాటికి పోర్టల్ తెరుస్తామన్న ప్రకటన వెలువడింది. చివరికి అక్టోబర్ 29న ప్రారంభమై నవంబర్ 2 నుంచి తహసీల్దార్ కార్యాలయాల్లో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పిడి) రెండూ ఒకే పూట ముగియడం ఆ పోర్టల్ సాధించిన నిజమైన మేలు, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ పేరులో అక్షర దోషమున్నా, సర్వే నంబర్ కనిపించకపోయినా, పట్టా భూమి నిషేధిత జాబితాలోకి వెళ్లినా సరిదిద్దే దారి తొలినాళ్లలో తెరమీద లేదు. ఒక్కో రకం ఫిర్యాదుకు ఒక్కో మాడ్యూల్ చొప్పున చేరుతూ ముప్పై దాటాయి. ఏ మాడ్యూల్ కింద దరఖాస్తు పెట్టాలో తెలియక రైతులు మీసేవ కేంద్రాల చుట్టూ తిరిగారు, తప్పు మాడ్యూల్‌లో పెడితే రుసుము పోయి దరఖాస్తు తిరస్కరణకు గురయ్యేది.

ఈ కథలో గమనించదగ్గది ఇది: విడతలవారీ పని జరగకుండా పోలేదు. చూపడం, తెలుసుకోవడం, సరిదిద్దడం అన్నీ జరిగాయి. తేదీ బిగుసుకున్నందువల్ల అవి ప్రారంభానికి ముందు నాలుగైదు మండలాల్లో జరగడానికి బదులు, ప్రారంభం తర్వాత రాష్ట్రమంతటా, నిజమైన భూముల మీద జరిగాయి. ఆ 2020 చట్టం స్థానంలో వచ్చిన భూ భారతి చట్టం విషయంలో వరుస కొంత మారింది. 2025 ఏప్రిల్ 14న అది అమల్లోకి వచ్చాక, పూర్వం నిజామాబాద్ జిల్లాలో భాగమై ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉన్న లింగంపేటతోపాటు మద్దూరు, నేలకొండపల్లి, వెంకటాపూర్ మండలాల్లో ముందుగా రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు. అధికారులే గ్రామానికి వెళ్లి కాగితం మీద సమస్యను రాయించుకోవడం వల్ల, ఏ తరహా చిక్కులు ఎన్ని ఉన్నాయో ముందే తెలిసే వీలు కలిగింది.

కఠిన గడువులను సమర్థించే వాదాన్ని కూడా దాని బలంతో చూడాలి. పనికి ఎంత కాలమిస్తే అంతకూ పని విస్తరిస్తుందని సిరిల్ పార్కిన్‌సన్ 1955లో చెప్పిన మాట అనుభవానికి దూరమైనది కాదు. కొనీ గెర్సిక్ 1988లో వివిధ బృందాలను మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు గమనించి, గడువు ఎంత దూరమున్నా సరే, సరిగ్గా సగం కాలం గడిచిన దగ్గర బృందాలు పాత దారిని వదిలి కొత్త ఊపుతో పని మొదలుపెడతాయని కనుగొన్నది. చివరి తేదీ లేకపోతే ఆ సగం అన్నదే ఉండదు. తెలుగువారి ఐటీ చరిత్రలో మలుపు తెచ్చిన వై2కే పని కూడా ఏమాత్రం కదలని తేదీ కిందే జరిగింది. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములు 2000 జనవరి 1న తడబడతాయన్న భయంతో అమెరికా, ఐరోపా సంస్థలు మనుషుల కోసం వెతికినప్పుడు, అమీర్‌పేట శిక్షణ కేంద్రాల నుంచి బయలుదేరిన యువకులెందరో ఆ పనిలో చేరారు. తేదీ తప్పలేదు. అయితే ఆ తేదీని అందుకోవడానికి చాలాచోట్ల నాలుగంకెలకు మార్చే అసలు పనిని పక్కనబెట్టి, 20 కంటే తక్కువ అంకె వస్తే 2000 తర్వాతి సంవత్సరమని, ఎక్కువ వస్తే 1900 తర్వాతిదని అర్థం చేసుకునే కిటికీ ఉపాయంతో సరిపెట్టారు. 2020 జనవరిలో అటువంటి ప్రోగ్రాములు కొన్ని మళ్లీ తడబడ్డాయి. నిజంగా కదలని తేదీ వచ్చినప్పుడు పని పరిమాణాన్ని తగ్గించుకోవడమే తెలివైన మార్గమని, తగ్గించిన భాగాన్ని రాసి ఉంచుకోకపోతే అది ఇరవై ఏళ్ల తర్వాతైనా వెతుక్కుంటూ వస్తుందని ఈ ఉదాహరణ ఒక్కటే రెండు పాఠాలూ చెబుతుంది.

పనిలోంచి పుట్టిన గడువుకూ పని మీద రుద్దిన గడువుకూ ఉన్న తేడా బోధన్ ప్రాంతానికి కొత్తది కాదు. మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో ఇక్కడ చెరుకు విస్తరించింది, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడి శక్కర్‌నగర్ వెలిసింది. చెరుకు కోసిన క్షణం నుంచి గడలోని చక్కెర విరిగిపోవడం మొదలవుతుంది, బరువు తగ్గుతుంది, అందుకే 24 గంటల్లోగా గానుగకు చేరాలంటారు. ఈ గడువును ఏ సమావేశమూ నిర్ణయించలేదు, ఏ సమావేశమూ పొడిగించలేదు. కానీ ఇంత బిగువైన గడువును అందుకోవడానికి చక్కెర మిల్లులు ఎంచుకున్న పద్ధతి, రైతులందరికీ ఒకే కోత తేదీ ప్రకటించడం కాదు. నాటిన తేదీ, రకం, మొక్క తోటా కార్శి తోటా అన్న వివరాలు ముందే నమోదవుతాయి. కార్శి అంటే నరికిన మోళ్ల నుంచి మళ్లీ పెరిగిన తోట, అది మొక్క తోట కంటే ముందు పక్వానికి వస్తుంది. ఫీల్డ్‌మన్ తోటలోకి వెళ్లి గడలకు గాటు పెట్టి, రసం చుక్కను బ్రిక్స్ మీటరు అద్దం మీద వేసి వెలుతురుకు ఎత్తి చూస్తాడు. రసంలో కరిగి ఉన్న పదార్థాల శాతం అందులో గీతగా కనిపిస్తుంది. మొదలు దగ్గరా కొస దగ్గరా ఆ అంకెలు దగ్గరపడితే తోట పండినట్టు. పండిన తోటకే కటింగ్ ఆర్డర్ వస్తుంది, అదీ ఆ రోజు మిల్లు ఆడగలిగినంత మేరకే. మిల్లు మరమ్మతుకు ఆగితే కటింగ్ ఆర్డర్లూ ఆగాలి. ఆగకపోతే యార్డులో ట్రాక్టర్ల వరుసలో చెరుకు ఎండుతుంది, రికవరీ, అంటే టన్నుకు దిగే చక్కెర శాతం, పడిపోతుంది.

ఎజైల్ కుటుంబంలో కాన్‌బాన్ అనే పద్ధతి చెప్పేది దాదాపు ఇదే. జపాన్‌లోని టొయోటా కర్మాగారాల్లో టాయిచి ఓనో రూపొందించిన ఏర్పాటు నుంచి పుట్టి, డేవిడ్ ఆండర్సన్ ద్వారా సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చిన ఈ పద్ధతిలో, ఒకేసారి నడుస్తున్న పనుల సంఖ్యకు హద్దు పెడతారు. చేతిలోని పని ముగిస్తేనే కొత్త పని లోపలికి వస్తుంది. గడువు దగ్గరపడిందని ఒకేసారి పది పనులు మొదలుపెట్టిన బృందంలో, అన్నీ తొంభై శాతం దగ్గర నిలిచి ఒక్కటీ వాడుకకు రాని పరిస్థితి, కోసి యార్డులో పడేసిన చెరుకు పరిస్థితే. 2015 డిసెంబర్‌లో బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది. ఇంకా చెరుకు వేస్తున్న రైతులు కామారెడ్డి జిల్లాలోని మిల్లులకు తోలుకుంటున్నారు. ఆ పని జ్ఞానం మాత్రం ఈ ప్రాంతంలో బతికే ఉంది, కంప్యూటర్ల ముందు కూర్చునే ఇక్కడి యువతకు అది పరాయిది కాకూడదు.

ప్రత్యామ్నాయాల సంగతికి వస్తే, 1994లో బ్రిటన్‌లో రూపొందిన డీఎస్‌డీఎం అనే పద్ధతి తేదీని బిగించి జాబితాను వదులు చేయమంటుంది. పనులను తప్పనిసరివి, ఉండవలసినవి, ఉంటే మంచివి, ఈసారికి వద్దన్నవి అని నాలుగుగా విడదీసి, తప్పనిసరి పనులకు పట్టే శ్రమ మొత్తంలో 60 శాతం మించకూడదని నియమం పెట్టింది. ఆ 60 శాతమే ఇందులో ప్రాణం. అన్నీ తప్పనిసరే అని క్లయింట్ పట్టుబట్టిన చోట ఈ పద్ధతికి పేరు తప్ప ఏమీ మిగలదు. ర్యాన్ సింగర్ 2019లో వివరించిన ఆరు వారాల విధానంలో, ఈ పని ఎంత కాలం పడుతుందని అడగడం మాని, దీని మీద ఎంత కాలం ఖర్చు పెట్టడం మనకు ఇష్టమో ముందు తేల్చుకుంటారు. అంతలో ముగియని పని మామూలుగా పొడిగింపు లేకుండా ఆగిపోతుంది. సొంత ఉత్పత్తులు తయారుచేసుకునే సంస్థలకు ఇది సరిపడుతుంది గానీ, ఇతరులకు పని చేసిపెట్టే సంస్థలకు, అంటే తెలుగు నేలపై ఉన్న సంస్థల్లో ఎక్కువవాటికి, యథాతథంగా అతకదు. ఎలియాహు గోల్డ్‌రాట్ 1997లో సూచించిన మార్గంలో ఒక్కో పనికి విడివిడిగా దాచుకునే అదనపు కాలాన్ని తీసేసి, ప్రాజెక్టు చివర అందరికీ ఉమ్మడిగా ఒక్క నిల్వ ఉంచుతారు. ఎవరి గడువును వారు కాపాడుకోవడం పోయి అందరూ ఆ నిల్వను కాపాడతారు. అంచనాలే వద్దనే వర్గం కూడా ఉంది; విత్తనాలకు, బడ్జెట్‌కు, మనుషులకు ముందుచూపు అవసరమైన లోకంలో అది నిలబడే వాదం కాదు. పాత స్ప్రింట్‌ల లెక్కల నుంచి, ఫలానా వారానికి ముగిసే అవకాశం సగం, ఫలానా వారానికైతే పదింట తొమ్మిది వంతులు అని చెప్పగల లెక్కింపు వీటన్నింటిలోకీ చవకైనది, ఎక్కడైనా రేపే మొదలుపెట్టగలిగినది. దాన్ని వాడకపోవడానికి అడ్డు సాంకేతికమైనది కాదు, ఒక్క తేదీ వినాలన్న కోరిక మాత్రమే.

ఆ కోరిక స్థిరపడే చోటు ఒప్పందం. పరిమాణం, తేదీ, ధర మూడూ బిగించిన ఫిక్స్‌డ్ ప్రైస్ ఒప్పందం కింద, ఆలస్యానికి జరిమానా రాసిన షరతు కింద, బృందం లోపల ఎన్ని స్ప్రింట్‌లు నడిపినా అవి పాత పద్ధతికి తొడిగిన పేర్లే. విదేశీ క్లయింట్ నుంచి పెద్ద సంస్థకు, దాని నుంచి జిల్లా కేంద్రంలోని చిన్న బృందానికి పని దిగే వరుసలో, పైనున్న ప్రతి అంచె తనకోసం కొంత కాలాన్ని అట్టిపెట్టుకుంటుంది. కిందికి చేరేసరికి అన్నింటికంటే బిగుతైన తేదీ, బేరమాడే శక్తి అందరికంటే తక్కువ ఉన్నవారి చేతికి వస్తుంది. జిల్లా ఐటీ టవర్లు నిలదొక్కుకోవాలంటే అద్దె రాయితీల కంటే ముందు ఇక్కడ దృష్టి పెట్టవలసి ఉంది: స్వీకరించిన ప్రతి విడతకు విడిగా చెల్లింపు, డెమో తర్వాత జాబితాలో ఒకటి చేరితే అంతే బరువున్న మరొకటి బయటికి పోయే వీలు, తప్పనిసరి భాగానికి మాత్రమే వర్తించే జరిమానా. ప్రభుత్వ పనులకు వస్తే, ప్రయోగానికి తేదీ పెట్టడంలో తప్పులేదు. రాష్ట్రమంతటా అమలుకు పెట్టవలసింది తేదీ కాదు, షరతు. లింగంపేట వంటి మండలంలో వచ్చిన దరఖాస్తుల్లో ఎన్ని రకాలున్నాయి, వాటిలో ఎన్నింటికి తెరమీద దారి ఉంది, ఎన్ని పరిష్కారమయ్యాయి అన్న మూడు అంకెలు ఒక స్థాయికి చేరాకే తర్వాతి మండలాలకు వెళ్లాలని పనిని అప్పగించే ఉత్తర్వులోనే రాయవచ్చు. 2025 ఏప్రిల్ 17న ఆ నాలుగు మండలాల్లో మొదలైన భూ భారతి ప్రయోగానికీ, జూన్ 3న రాష్ట్రమంతటా మొదలైన సదస్సులకూ మధ్య ఉన్న వ్యవధి ఏడు వారాలు కూడా కాదు. ఒక గ్రామంలో సర్వే నంబర్ తగాదా ఒక్కటి క్షేత్రస్థాయిలో కొలిచి, నోటీసులిచ్చి, అభ్యంతరాలు విని తేల్చడానికే అంతకంటే ఎక్కువ కాలం పట్టవచ్చు.